పడక సీనుకు ఎన్ని నంబర్లు?

శ్రీకృష్ణుడు మంచం మీద నిద్ర నటిస్తున్నాడు. తలవైపు ఆసనంలో దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో పద్యనాటకం గాలి సోకినవాళ్లెవరికీ ఈ పడక సీను గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. (‘పాండవోద్యోగ విజయములు’ రాసిన తిరుపతి వేంకట కవులు మన తిరుపతి వాళ్లేనని గట్టిగా వాదించేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. ఇద్దరూ గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లు. వాదన పెట్టుకోకండి, సీను చూడండి.)

ఇప్పుడు వేదిక వదిలి హాలు చివరికి రండి. లైటింగ్ బోర్డు ముందు ఒక కుర్రాడు కూర్చున్నాడు. కృష్ణుడు కళ్లు తెరవబోతున్నాడు. ఆయన చూపు ముందుగా అర్జునుడి మీద పడాలి. భారతయుద్ధం ఎటు మొగ్గాలో ఆ చూపుతోనే తేలిపోతుంది. కాళ్లవైపు వెలుతురు పెరగాలి, తలవైపు మసకగానే ఉండాలి. కాళ్లవైపు లైటు నంబరెంత? 19. తలవైపు? 7. మంచం మీద పడేవి? 4, 22. ఎందుకలా ఉన్నాయంటే, సాయంత్రం ఏ వైరు చేతికందితే దాన్ని ఖాళీగా కనిపించిన సాకెట్‌లో గుచ్చారు. కుర్రాడు సెల్‌ఫోన్ వెలుతురులో చీటీ వెతుక్కునే లోపల కృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడు. వెలుగొచ్చి దుర్యోధనుడి కిరీటం మీద పడింది.

జనం ఏమీ అనరు. పద్యం బాగుంటే వన్స్‌మోర్ కూడా కొడతారు. కానీ ఆ రాత్రికి కృష్ణుడు ఎవరిని ముందు చూశాడో వెనక కుర్చీల వాళ్లకు తెలియకుండానే సీను దాటిపోతుంది.

ఆ కుర్రాడు చురుకైనవాడే. చేతులు వేగంగా ఆడతాయి, నాటకం కంఠతా వచ్చు. అయినా దెబ్బ తిన్నాడు. ఇలాంటి చోట మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఏకాగ్రత పెంచుకోమంటాయి, ధ్యానం చెయ్యమంటాయి, ఒత్తిడిని తట్టుకోవడం నేర్చుకోమంటాయి. నేను అననుగాక అనను. ఒత్తిడిని తట్టుకోవడం కంటే అది పుట్టకుండా చూసుకోవడం తేలిక. సాయంత్రం నాలుగింటికి, వెలుతురులో, టీ తాగుతూ తీసుకోవాల్సిన నిర్ణయాన్ని రాత్రి పదింటికి చీకట్లో తీసుకోవాల్సి వచ్చింది. అతని కష్టమంతా అదే.

కాబట్టి ఈ వారం ధ్యానం వద్దు, నంబర్లు నేర్చుకుందాం. కాలేజీ వార్షికోత్సవానికి లైట్లు చూసేవాళ్లు, పరిషత్తు పోటీలకు బృందంతో వెళ్లేవాళ్లు నేరుగా వాడుకోవచ్చు. లైటింగ్‌తో సంబంధం లేనివాళ్లు కూడా చదవండి. మీ బల్ల మీదా ఏదో ఒక బోర్డు ఉండే ఉంటుంది.

ఒకట్ల స్థానం, పదుల స్థానం

లైట్లకు నంబర్లు పెట్టడంలో మనవాళ్ల పద్ధతులు చూస్తే చాలావరకు రెండే. వైరు గుచ్చిన వరస ఒకటి, బొంగుకో పైపుకో లైటు కట్టిన వరస ఇంకొకటి. రెండూ పని చేసినవాడి సౌకర్యం చూసుకునేవే. నాటకానికి ఏం కావాలన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు. ‘ఈ లైటు ఎక్కడ గుచ్చాం’ అన్నది వేరు, ‘ఈ లైటు దేనికి’ అన్నది వేరు. మొదటిది ఊరు మారితే మారిపోతుంది. రెండోది మీతో పాటు ప్రయాణం చేస్తుంది. నంబరు రెండోదానికే పెట్టాలి.

రంగస్థల లైటింగ్‌ను పద్ధతిగా పాఠం చెప్పిన తొలి తరం గురువుల్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ మెక్‌కాండ్లెస్ ఒకరు. వేదికకు లైటింగ్ చేసే పద్ధతి మీద 1932లో ఆయన పుస్తకం వచ్చింది. ఆయన చెప్పింది చాలా సాదా విషయం. వేదిక మొత్తాన్ని ఒక్కసారిగా వెలిగించాలని చూడకండి. ముందు మూడు, వెనక మూడు, ఆరు గడులుగా కోయండి. ఒక్కో గడికి ఎదురుగా, పై నుంచి, కుడిఎడమల 45 డిగ్రీల కోణంలో రెండేసి లైట్లు వేయండి. ఒకటి వెచ్చని రంగు, ఒకటి చల్లని రంగు. నటుడి ముఖానికి ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ వచ్చినట్టుంటుంది. ముఖం పలకలా కాకుండా ముఖంలా కనిపిస్తుంది.

ఆ ఆరు గడులే మన నంబర్లకు పునాది. హాల్లో బోర్డు దగ్గర కూర్చుని చూస్తే ముందు వరస ఎడమ నుంచి కుడికి 1, 2, 3. వెనక వరస 4, 5, 6. ఇక గడి నంబరు మారదు. ఎదుటి నుంచి వచ్చే వెచ్చని లైట్లు 1 నుంచి 6. చల్లని లైట్లు 11 నుంచి 16. నటుడి వెనక నుంచి భుజాల మీద పడేవి 21 నుంచి 26. పక్క వింగ్స్ నుంచి వచ్చేవి 31 నుంచి 36. వెనక తెర మీది రంగులు 41 నుంచి. ఒక్క సీనుకో ఒక్క క్షణానికో పనికొచ్చే ప్రత్యేక లైట్లు 51 నుంచి.

ఏం జరిగిందో చూశారా? ఒకట్ల స్థానం చోటు చెబుతోంది, పదుల స్థానం పని చెబుతోంది. 13 అనగానే మూడో గడి, చల్లని లైటు. 25 అంటే అయిదో గడి, వెనక నుంచి. కంఠతా పట్టాల్సింది ఏమీ లేదు. రెండో తరగతిలో నేర్చుకున్న లెక్క చాలు.

ఇప్పుడు పడక సీను ఈ బోర్డు మీద పెట్టి చూడండి. మంచం 2వ గడిలో. తలవైపు 1, కాళ్లవైపు 3. తెర తీయగానే 12, 22 మసకగా, ఇంకా తెల్లవారని గది. దుర్యోధనుడు రాగానే 11, దాని వెంట 1 సగం దాకా. అర్జునుడు రాగానే 13, 3 కూడా అంతే. కృష్ణుడు కళ్లు తెరిచేసరికి 2, 3 పూర్తిగా పైకి, 1 కిందికి. తల తిప్పి బావ దుర్యోధనుణ్ణి పలకరించగానే 1 పైకి. సీనంతా చిన్న చీటీలో పట్టేసింది. నిజానికి చీటీ కూడా అక్కర్లేదు. నాటకం తెలిసినవాడికి నంబరు దానంతటదే తడుతుంది. ఎవరు ఎక్కడున్నారో తెలిస్తే నంబరు తెలిసినట్టే.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వరసగా వస్తాయి. తిరుపతిలో పుట్టిన పిల్లవాడు ‘రేపు దొర వేషం’ అంటే ఈ రోజు తోటి వేషమని క్యాలెండర్ చూడకుండా చెబుతాడు. వరసలో కథ ఉంది కాబట్టి గుర్తుంటుంది. పాలెగాణ్ణి వెతుక్కుంటూ మారువేషాల్లో తిరిగిన అమ్మ, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించింది. కథ లేని వరసను ఎంత తెలివైనవాడైనా బట్టీ పట్టాల్సిందే.

ఎడమ అంటే ఎవరి ఎడమ?

ఈ ఒక్క ప్రశ్న మీద రిహార్సల్లో ఎన్ని గొడవలో! దర్శకుడు వేదిక మీద నిలబడి ప్రేక్షకుల వైపు తిరిగి ‘ఎడం పక్కది రవంత తగ్గించబ్బా’ అంటాడు. బోర్డు దగ్గర కూర్చున్నవాడికి అది కుడి. పుస్తకాల ప్రకారం స్టేజి ఎడమ అంటే నటుడి ఎడమే. మన ఊళ్లలో సగం మందికి ఆ పుస్తకం అందలేదు, అందినవాళ్లు హడావుడిలో మరిచిపోతారు. నా సలహా ఏమిటంటే, ఎవరి ఎడమ అన్న చర్చనే ఎత్తకండి. గడి నంబరు చెప్పించండి. ‘అన్నా, ఒకటా మూడా?’ అని అడగండి. రెండు రోజుల్లో దర్శకుడే నంబర్లలో మాట్లాడతాడు. సరిగ్గా పెట్టిన నంబరు ఇద్దరి మధ్య అహాన్ని కూడా తగ్గిస్తుంది. ‘నువ్వు తప్పు విన్నావు’, ‘నువ్వు తప్పు చెప్పావు’ అన్న మాటలకు చోటుండదు.

ఆరుబయట అయితే ఇంకో కిటుకుంది. ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే మైదానంలో గుడి వైపు, రోడ్డు వైపు అన్నవి కుడిఎడమల కంటే నమ్మకమైనవి. కాగితం మీద ఒక మూల ఆ రెండు మాటలూ రాసిపెట్టుకోండి.

ఆరో గడి తర్వాత 7, 8, 9, 10 ఎందుకు ఖాళీ వదిలామని మీరు అడగాలి. అడిగారనుకుంటాను. వేదిక పెద్దదైతే ముందు వరసలో అయిదు గడులు కావాలి. అప్పుడు ముందు వరస 1 నుంచి 5, వెనక 6 నుంచి 10. మిగతా పదుల వరసలు ఎక్కడివక్కడే ఉంటాయి. సంచిలో ఒక లైటు అదనంగా వచ్చిందనుకోండి, దానికీ చోటు దొరుకుతుంది. ఖాళీ లేకుండా 1 నుంచి 24 దాకా బిగించి కూర్చుంటే, కొత్తగా వచ్చిన 25వ లైటు ఎంత ముఖ్యమైనదైనా తోకగానే మిగిలిపోతుంది. పెద్ద బోర్డుల్లో ఈ పదులను వందలు చేసుకోవచ్చు. 101 నుంచి వెచ్చనివి, 201 నుంచి చల్లనివి. లెక్క అదే.

క్యూలకు, అంటే లైటు మారాల్సిన ఒక్కో క్షణానికి ఇచ్చే నంబర్లకు కూడా ఇదే న్యాయం. పన్నెండో క్యూకు, పదమూడో క్యూకు మధ్య దర్శకుడు కొత్తది చొప్పించమంటే, పదమూడును పద్నాలుగు చేసి అక్కణ్ణుంచి చివరిదాకా మార్చుకుంటూ పోకండి. 12.5 అని పెట్టండి. నాటకాల కోసం చేసిన, క్యూలు గుర్తుపెట్టుకునే బోర్డులు చాలావరకు పాయింటు నంబరును ఒప్పుకుంటాయి. రిహార్సల్ మొదలయ్యాక ఉన్న నంబరును మార్చడం నేరం కింద లెక్క. అప్పటికే నలుగురి బుర్రల్లో అది కూర్చుని ఉంటుంది, నాలుగు బుర్రలనూ మీరు చెరపలేరు.

బోర్డు చిన్నదైతే?

ఈ పదుల లెక్క చదివి కొందరు నవ్వుకుని ఉంటారు. మనకు దొరికేది షామియానా, సౌండు, లైటింగు అన్నీ ఒకే కొట్టు నుంచి వచ్చే సరంజామా. అందులో 51వ నంబరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

రాదు. రానవసరం లేదు కూడా. పైన 12, కింద 12 ఫేడర్లు (వెలుగు పెంచి తగ్గించే జారుడు మీటలు) ఉన్న పాత రకం బోర్డు దొరికిందనుకుందాం. దాని మీద 1 కింద 13 ఉంటుంది, 2 కింద 14. కాబట్టి వెచ్చనివి 1 నుంచి 6 పై వరసలో పెడితే, చల్లనివి 7 నుంచి కాకుండా 13 నుంచి 18 దాకా పెట్టండి. ఒకే గడికి చెందిన రెండు లైట్లూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. బొటనవేలుతో ఒకటి, చూపుడువేలుతో ఒకటి లాగొచ్చు. పై వరసలో మిగిలిన 7 నుంచి 12 వెనక లైట్లకు, కింద 19 నుంచి 24 ప్రత్యేకానికి. సూత్రం కోసం చేతిని వంచకండి. చెయ్యి ఎటు తేలిగ్గా కదులుతుందో చూసి సూత్రాన్ని దానికి అమర్చండి. పద్ధతి పిచ్చి పట్టినవాళ్లతో వచ్చే తంటా ఇదే. పుస్తకంలో పదులు అని ఉందని లేని ఫేడర్ కోసం వెతుకుతారు.

ఈ మధ్య ఎక్కువగా కనిపించేది డీఎంఎక్స్ 192 అనే చిన్న బోర్డు. పన్నెండు లైట్ల మీటలు, ఒక్కో మీటకు 16 ఛానెళ్లు, మొత్తం 192. అంటే మొదటి మీట లైటు అడ్రసు (దాని తొలి ఛానెల్ నంబరు) 1, రెండోది 17, మూడోది 33, నాలుగోది 49... అలా పన్నెండోది 177. వెనక చిన్న స్విచ్చులుండే పాత లైట్లయితే ఆ స్విచ్చుల విలువలు 1, 2, 4, 8, 16, 32... అని రెట్టింపవుతూ పోతాయి. 17 కావాలంటే మొదటిదీ అయిదోదీ పైకి నెట్టాలి, 33కు మొదటిదీ ఆరోదీ. ఇదంతా అడ్రసుల గోల. మీకు కావాల్సింది మీట నంబరు. మీట 1, 2, 3 ముందు వరస గడులు, 4, 5, 6 వెనక వరస గడులు అయ్యేట్టు చూసుకోండి. లైటు కట్టకముందే, నేల మీద ఉండగానే అడ్రసు పెట్టి, తెల్ల టేపు మీద స్కెచ్ పెన్నుతో గడి నంబరు రాసి అంటించండి. పైకెక్కాక నిచ్చెన కావాలి, నిచ్చెన పట్టుకునే మనిషి కావాలి, ఆ మనిషి సరిగ్గా అప్పుడే టీకి వెళ్లి ఉంటాడు.

ఈ డీఎంఎక్స్ అనే భాష పుట్టిందే తీగల తలనొప్పి తగ్గించడానికి. అంతకుముందు వెలుగును పెంచి తగ్గించే ఒక్కో డిమ్మర్‌కు బోర్డు నుంచి ఒక్కో తీగ లాగాల్సి వచ్చేది, ఒక కంపెనీ బోర్డు ఇంకో కంపెనీ డిమ్మర్‌తో మాట్లాడేది కాదు. 1986లో అమెరికాలోని రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ డీఎంఎక్స్ 512 అనే ఉమ్మడి పద్ధతి ప్రకటించింది. ఒకే కేబుల్ మీద 512 ఛానెళ్లు, ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా మెట్లు. ఎల్‌ఈడీ పార్ లైటు ఒకటి ఏడు ఛానెళ్లు తింటుందనుకుంటే 1, 8, 15, 22 అని వరసగా 73 లైట్లు పెట్టొచ్చు, ఒక ఛానెల్ మిగులుతుంది. పెద్ద బోర్డుల్లో ప్యాచ్ అనే సదుపాయం ఉంటుంది. ఏ అడ్రసును ఏ ఛానెల్ నంబరుకు కట్టాలో మీరే చెబుతారు. తిరుపతి మహతి ఆడిటోరియంలో ఒక అడ్రసు, చిత్తూరు నాగయ్య కళాక్షేత్రంలో ఇంకో అడ్రసు, పల్లె మైదానంలో మరొకటి. ప్యాచ్ మార్చుకుంటారు, 13 మాత్రం ఎక్కడైనా 13.

పరిషత్తు పోటీలకు వెళ్లే బృందాలకు ఇది ప్రాణం. ఒకే సాయంత్రం ఒకదాని వెనక ఒకటి నాటికలు. ముందు బృందం సెట్టు తీస్తుండగానే మీరు మీది దించుతుంటారు. లైట్లు నిర్వాహకులవి, బోర్డు వాళ్లదే. దాన్ని పరిచయం చేసుకోవడానికి దొరికేది తెర వెనక సుత్తులు మోగుతున్న ఆ కాస్త సమయం. ఇంటి దగ్గర్నుంచి మీ వెంట తెచ్చుకోగలిగింది మీ నంబరు వరస ఒక్కటే. ‘అన్నా, మీ నాలుగోది నా మూడు, మీ తొమ్మిదోది నా పదమూడు’ అని అప్పజెప్పేస్తే చాలు, మీ నాటిక నడుస్తుంది.

‘బోర్డే అన్నీ గుర్తుపెట్టుకుంటుంది కదా, ఇంత తతంగం ఎందుకు’ అనే చురుకైన తమ్ముళ్లకు రెండు మాటలు. 1975లో బ్రాడ్‌వే మీద ‘ఎ కోరస్ లైన్’ నాటకానికి థారన్ మసర్ అనే ఆవిడ జ్ఞాపకశక్తి ఉన్న బోర్డు మొదటిసారి వాడినప్పటి నుంచీ యంత్రాలు గుర్తుపెట్టుకుంటూనే ఉన్నాయి. ఎంత వెలుగు అన్నది గుర్తుంటుంది. ఎందుకన్నది గుర్తుండదు. రిహార్సల్లో ‘అర్జునుడి మొహం కనపడలేదు’ అనగానే ఏ నంబరు పట్టుకోవాలో యంత్రం చెప్పదు. రెండోది మన దేశవాళీ కారణం. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారే ఆ రెండు క్షణాల్లో బోర్డు నిద్రపోయి లేస్తుంది. లేచేటప్పుడు పాఠం మరిచిపోయి లేస్తే మీ వేళ్లే గతి.

ఎవరికీ చెప్పనివాడు

నాకు అసలు కోపం తెప్పించే విషయానికి వచ్చాను.

మన లైటింగ్ లోకంలో, ఆ మాటకొస్తే ఏ ఆఫీసులోనైనా, ఒక రకం మనిషి ఉంటాడు. బోర్డు మీద చీటీలుండవు. ఏది ఏమిటో ఆయనకే తెలుసు. అడిగితే ‘నీకెందుకబ్బా, నేనున్నా గదా’ అంటాడు. ఆయన రాకపోతే ఆ రోజు తెర లేవదు. దాన్ని ఆయన తన విలువ అనుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు కూడా అలాగే అనుకుని భయభక్తులతో టీ తెచ్చిస్తారు. ‘ఆయన లేకపోతే పని జరగదండీ’ అన్నది మనదగ్గర పెద్ద పొగడ్త.

నేను దాన్ని పొగడ్తగా తీసుకోను. మీరు లేకుండా జరగని పనికి మీరు కట్టుబడిపోయినట్టే. ఆ కుర్చీ నుంచి లేవలేరు. చెల్లెలి పెళ్లికి లేవలేరు, జ్వరమొస్తే లేవలేరు. అంతకంటే పెద్ద నష్టం ఒకటుంది. పెద్ద నాటకానికి లైటింగ్ రూపకల్పన చెయ్యమని పిలుపొచ్చినా లేవలేరు, ఎందుకంటే ఇక్కడ ఫేడర్లు లాగేవాడు ఇంకొకడు తయారు కాలేదు. రహస్యంగా దాచిన నంబర్లు మిమ్మల్ని ఆపరేటర్‌గానే ఉంచేస్తాయి. మొదట ఎదుటివాణ్ణి బయట నిలబెట్టడానికి వేసుకున్న తాళం, తర్వాత మిమ్మల్నే లోపల పెడుతుంది.

తాపస్ సేన్ పేరు విన్నారా? అస్సాంలో ధుబ్రీలో పుట్టి కలకత్తా వేదికను వెలిగించినాయన. 1959లో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకంలో బొగ్గుగనిలోకి నీళ్లు దూసుకొచ్చి కార్మికులు మునిగిపోయే దృశ్యాన్ని వేదిక మీద కేవలం వెలుతురుతో సృష్టించారు. చూసినవాళ్లు ఆ నీటిని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. అలాంటి వెలుతురు ఆడాలంటే బుర్ర ఖాళీగా ఉండాలి. ‘పందొమ్మిది ఎక్కడబ్బా’ అని వెతుక్కునే బుర్రలో నీళ్లు పుట్టవు.

నంబర్లు కాగితం మీద పెట్టక్కర్లేదనడానికి ఉదాహరణగా సురభి వాళ్లను చూపిస్తారు కొందరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ నాటక సమాజాలు ‘మాయాబజార్’ లాంటి నాటకాల్లో తంత్రాలన్నీ ఏ కాగితమూ లేకుండా నడిపిస్తాయి కదా అంటారు. నిజమే. అక్కడ వేషం కట్టేవాళ్లూ తెర లాగేవాళ్లూ ఒకే ఇంటి మనుషులు. తాత చెయ్యి చూస్తూ మనవడు పెరిగాడు. కుటుంబమే అక్కడ కాగితం. మీ బృందంలో హరిశ్చంద్రుడు బ్యాంకు ఉద్యోగి, నక్షత్రకుడు టీచరు, లైట్లు చూసేవాడు డిగ్రీ రెండో సంవత్సరం. వచ్చే ఏడాది వాడు బెంగళూరులో ఉంటాడు. వాడి తలలో ఉన్నదంతా వాడితో పాటు రైలెక్కుతుంది. మీకు కాగితమే కుటుంబం.

ఇక్కడ ఒక్క మాట చిత్తూరు వాళ్ల కోసం. నాగయ్యగారు చిత్తూరు నాగయ్య అయింది రామవిలాస సభ నాటకాల వల్ల. అలాంటి సభలో ఒక నటుడు ఎదగాలంటే తెర వెనక పేరు లేని మనుషులు ఎందరో వేళకు దీపం పెట్టి, వేళకు తీసి ఉండాలి. వాళ్ల పద్ధతులు ఎవరూ రాసిపెట్టలేదు. అది మనకు నష్టమే. మీరు రాసిపెట్టండి.

ఈ వారం చేయాల్సిన పని

తెల్ల కాగితం ఒకటి తీసుకోండి. మధ్యలో వేదిక, ఆరు గడులు, లోపల నంబర్లు. ఇంగ్లీషు నాటకాల వాళ్లు ఇలాంటి ఒక్క పేజీ బొమ్మను మ్యాజిక్ షీట్ అంటారు. మంత్రం ఏమీ లేదు, చూపుకు అందేట్టు ఉంటుంది అంతే. పక్కన పదుల వరసలు రాయండి. కింద ప్రత్యేక లైట్లు, ఒక్కోదానికి ఎదురుగా అది ఏ క్షణానికో రాయండి. భారతం ఆడే బృందమైతే అర్జున తపస్సుకు వేషధారి మానెక్కినప్పుడు పైన పడే లైటు 51 అనుకుందాం. ‘51: తపసుమాను కొన’ అని రాయండి. ‘51: పెద్ద ఫోకస్’ అని రాయకండి. ఆ పెద్ద ఫోకస్ రేపు కాలిపోతే ఇంకోటి కడతారు, మాను కొన మాత్రం అక్కడే ఉంటుంది. పద్దెనిమిది రోజుల భారతంలో ఒక రాత్రి బకాసుర వధ, ఒక రాత్రి ద్రౌపదీ కల్యాణం, ఏ రాత్రికారాత్రి కథ వేరు. గడులు అవే. ప్రత్యేకాలు మాత్రం రాత్రికో రెండు మారతాయి. చివరి రోజు దుర్యోధన వధకు మాత్రం మీ లైట్లతో పని ఉండదు, మట్టితో నేల మీద పరిచిన ఆ భారీ విగ్రహానికి ఎండే చాలు.

గ్రూప్స్‌కు చదువుతూ నోట్సులు కుప్ప పోసుకున్నవాళ్లు, ఫోన్లో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్త’, ‘అసలు ఫైనల్’ అని ఫైళ్లు దాచుకున్నవాళ్లు ఇదే కాగితం మీద తమ గడులు గీసుకోవచ్చు. మీ నోట్సు ఏ తేదీన రాశారన్నది వైరు వరస. ఏ ప్రశ్నకు పనికొస్తుందన్నది గడి వరస. పరీక్ష హాల్లో అడిగేది ప్రశ్నే, తేదీ కాదు.

కాగితం తయారయ్యాక ఒక పరీక్ష పెట్టండి. బృందంలో లైటింగ్ ఎరగని మనిషిని, మేకప్ చేసే అక్కయ్యనో హార్మోనియం మాస్టారినో, బోర్డు దగ్గర కూర్చోబెట్టి కాగితం చేతికివ్వండి. మీరు వెళ్లి వేదిక మీద ఏదో ఒక గడిలో నిలబడండి. ‘నా మీద చల్లని లైటు’ అని అరవండి. వెలిగిందా, కాగితం బాగుంది. చీకట్లోనే నిలబడి ఉన్నారా, హార్మోనియం మాస్టారి మీద విసుక్కోకుండా కిందికి దిగి ఆయన కన్ను ఎక్కడ ఆగిందో అడగండి. చాలాసార్లు ఆగేది అంకె దగ్గర కాదు, మీ చేతిరాత దగ్గర.

తర్వాత రెండు కాపీలు తీయించండి. ఒకటి బోర్డు పక్కన అంటించండి, రెండోది నాటకం పెట్టెలో కిరీటాల కింద పెట్టండి, బోర్డు ఎక్కడికి పోయినా కిరీటాలు మాత్రం పోవు. పైన తేదీ వేయండి. కొత్త కాగితం రాసిన రోజునే పాతది చించేయండి. రెండు తేదీల కాగితాలు ఒకే పెట్టెలో ఉంటే, రాత్రి పదింటికి చేతికొచ్చేది పాతదే.